విశాఖ నుంచి విదేశీ పరిచర్యకు వెళ్లేవారికి: కొత్త ఊళ్లో కాపురం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఆయన పరిచర్య కోసం మేము నైరోబీలో కొన్నేళ్లు కాపురం ఉండి విశాఖకు తిరిగి వచ్చాం. అప్పటినుంచి విదేశాలకు బయలుదేరే పాస్టర్లు, టీచర్లు, నర్సులు మా ఇంటికి వస్తూనే ఉన్నారు. జ్ఞానాపురం నుంచి, గాజువాక నుంచి, మధురవాడ నుంచి కూడా వస్తారు. అయ్యగార్లు మా ఆయనతో హాల్లో కూర్చుంటే అమ్మగార్లు నాతో వంటింట్లోకి వస్తారు. అసలు ప్రశ్నలన్నీ వంటింట్లోనే బయటపడతాయి. వాటిని ఇక్కడ రాశాను. ఉదాహరణలు ఎక్కువగా కెన్యావే, ఎందుకంటే నేను సంసారం చేసింది అక్కడే.

వెళ్లగానే పరిచర్య మొదలుపెట్టాలా, ముందు ఇల్లు చక్కబెట్టుకోవాలా?

ముందు ఇల్లు. ఈ మాట అంటే కొందరు పెద్దలకు నచ్చదు. "ప్రభువు పనికి పంపిస్తే గిన్నెలు సర్దుకుంటూ కూర్చుంటారా?" అని ఒక కమిటీలో నా ముందే అన్నారు. అన్నాయన ఎప్పుడూ ఊరు దాటి కాపురం పెట్టలేదనుకుంటా. మొదటి నెలలోనే మూడు చోట్ల కూడికలు ఒప్పుకుని, ఇంట్లో నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియక, బిడ్డకు జ్వరం వస్తే ఏ ఆస్పత్రికి పోవాలో తెలియక, ఏడాది తిరగకుండా వెనక్కి వచ్చేసిన కుటుంబాలను చూశాం. వాళ్లకు విశ్వాసం తక్కువై కాదు, ఇల్లు కుదుటపడక.

మన ఊరి సంగతే చూడండి. లండన్ మిషన్ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చింది 1805లో. వచ్చినవాళ్లు తెలుగు నేర్చుకోవడం మీద, బడి మీద, అనువాదం మీద కూర్చున్నారు. క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయర్ వాళ్లకు అనువాదంలో తోడయ్యాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్లు మొదలుపెట్టిన తెలుగు సువార్తలు అచ్చయి వచ్చింది 1812లో, బెంగాల్‌లోని సెరంపూర్ నుంచి. ఇప్పటి లెక్కలో ఎవరైనా వాళ్లను "అయిదేళ్లలో ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చారు?" అని రిపోర్టు అడిగి ఉంటే ఏం రాసేవారో!

మనవాళ్లు వెళ్లిన చరిత్ర కూడా పాతదే. 1860 నుంచి 1911 దాకా ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లినవారిలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం నెల్లూరు వైపు తెలుగు బాప్టిస్టులు 1903లో జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికా పంపించారు. అదే ఏడాది కెర్స్నీ అనే టీ తోటల ఊళ్లో తెలుగు సంఘం ఏర్పడింది. ఆయన వెళ్లింది అప్పటికే కాపురాలు ఉన్న మనుషుల మధ్యకు. మీరు వెళ్లే చోట మీ భాష తెలిసిన గడప ఒక్కటీ ఉండకపోవచ్చు. అలాంటప్పుడు ఇంకా నిదానం కావాలి.

కాబట్టి బయలుదేరే ముందే మిమ్మల్ని పంపే సంఘంతో కాగితం మీద రాయించుకోండి: మొదటి ఆరు నెలలు ఇల్లు, భాష, ఇరుగుపొరుగు. ప్రసంగాలు, రిపోర్టులు ఆ తర్వాత. నోటిమాటగా వదిలేస్తే మూడో నెలలోనే "ఇంకా ఏమీ మొదలవ్వలేదా అయ్యగారూ?" అని ఫోన్ వస్తుంది.

టూరిస్టు వీసా మీద వెళ్లి, అక్కడ చూసుకోవచ్చా?

వద్దు. చాలామంది చేస్తున్నారని చెబుతారు, పట్టుబడినవాళ్ల సంగతి మాత్రం చెప్పరు. కెన్యాకు 2024 జనవరి నుంచి వీసా బదులు ఆన్‌లైన్‌లో ముందస్తు అనుమతి తీసుకోవాలి. అది చూడ్డానికి వెళ్లేవాళ్లకు. పరిచర్య చేయాలంటే మత, సేవా సంస్థల వాళ్లకు ఇచ్చే క్లాస్ ఐ పర్మిట్ కావాలి. దానికి అక్కడ రిజిస్టరైన సంస్థ మీ తరఫున దరఖాస్తు చేయాలి. భార్యాపిల్లలకు డిపెండెంట్ పాస్ వేరు. మూడు నెలలు దాటి ఉండేవాళ్లు విదేశీయుల కార్డు కూడా తీసుకోవాలి.

బ్రిటన్‌లో రెండు దారులు ఉన్నాయి. రిలీజియస్ వర్కర్ వీసా రెండేళ్ల వరకే. మినిస్టర్ ఆఫ్ రిలీజియన్ వీసా అంతకన్నా ఎక్కువ కాలం ఉంటుంది కానీ ఇంగ్లీషు పరీక్ష పాసవ్వాలి. అమెరికాలో మత సేవకులకిచ్చే ఆర్-1 వీసా మొదట రెండున్నరేళ్లు ఇస్తారు, మొత్తం అయిదేళ్లు దాటదు. దాని మీద వెళ్లే భార్యకు, లేదా భర్తకు ఉద్యోగం చేసే హక్కు ఉండదు. ఈ ఒక్క విషయం ఇంటి బడ్జెట్ మొత్తాన్ని మార్చేస్తుంది, ముందే లెక్క వేసుకోండి.

పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు పాస్‌పోర్టు సేవా వెబ్‌సైట్‌లోనే అప్లై చేయాలి. మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసు చుట్టూ ఏజెంట్లు తిరుగుతుంటారు, వాళ్లకు డబ్బులివ్వక్కర్లేదు. డిగ్రీ సర్టిఫికెట్ల అటెస్టేషన్‌కు మాత్రం టైం పడుతుంది. టికెట్లు కొన్నాక మొదలుపెడితే టెన్షనే.

నేపాల్‌కు వీసా అక్కర్లేదు కదా, అక్కడైతే సులువేనా?

వెళ్లడం సులువు. చట్టం సులువు కాదు. 2015 నేపాల్ రాజ్యాంగం ఇంకొకరిని మతం మార్చడాన్ని నిషేధించింది. 2018 ఆగస్టులో అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతిలో దానికి అయిదేళ్ల వరకు జైలు ఉంది. విదేశీయులైతే శిక్ష అయ్యాక దేశం నుంచి పంపేస్తారు. అక్కడి సంఘాలు అక్కడి నేపాలీ నాయకుల చేతుల్లో బాగా నడుస్తున్నాయి. వాళ్లు పిలిస్తే, వాళ్లు చెప్పిన పనికి వెళ్లండి. కరపత్రాల కట్టలు సూట్‌కేసులో పెట్టుకుని వెళితే మీరు నాలుగు రోజులకు ఇంటికి వచ్చేస్తారేమో, స్టేషన్ చుట్టూ తిరిగేది మాత్రం మిమ్మల్ని ఇంట్లో పెట్టుకున్న కుటుంబం.

గల్ఫ్‌లో ఉద్యోగం చేసుకుంటూ పరిచర్య చేయవచ్చా?

మన కోస్తా జిల్లాల వాళ్లు ఎంతోమంది అదే చేస్తున్నారు. యూఏఈలో ప్రభుత్వం చర్చీలకు స్థలాలు ఇచ్చింది. దుబాయ్‌లో ఊద్ మేథా, జెబెల్ అలీల్లో ఆ ఆవరణలు ఉన్నాయి, ఒకే చోట ఎన్నో భాషల ఆరాధనలు జరుగుతాయి. అక్కడ చాలా ఏళ్లు శుక్రవారమే ఆదివారంలా గడిచేది. 2022లో శని, ఆదివారాలను సెలవు చేశారు కానీ శుక్రవారం కూడికలు అలవాటుగా ఇంకా జరుగుతూనే ఉన్నాయి. ముస్లింలకు సువార్త చెప్పడం అక్కడ నేరం. సౌదీలో బహిరంగంగా చర్చీయే ఉండదు. ఇంకోటి, పదో తరగతి పాసవ్వనివాళ్ల పాస్‌పోర్టుకు గల్ఫ్ దేశాల్లో ఉద్యోగానికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. క్యాంపుల్లో ఉండే కూలీలకు కూరగాయలు వండి పట్టుకెళ్లడం, వాళ్ల ఇళ్లకు ఫోన్లు కలపడం, జ్వరమొస్తే ఆస్పత్రికి తోడు వెళ్లడం, ఇవన్నీ పరిచర్య కాదని ఎవరన్నారు?

ఏ టీకాలు వేయించుకోవాలి?

కెన్యా వెళ్లేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా తప్పకుండా వేయించుకోవాలి. ఇందులో ఒక చిక్కు ఉంది. ఇక్కడినుంచి నేరుగా వెళ్లేటప్పుడు కెన్యా దాన్ని అడగకపోవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు మన దేశం అడుగుతుంది. కార్డు లేకపోతే విమానం దిగగానే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. ఇంట్లో ఎవరో పోయారని పరుగెత్తుకుని వచ్చినవాళ్లకు అది ఎలా ఉంటుందో ఆలోచించండి. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. విశాఖలో పోర్టు హెల్త్ ఆఫీసులో వేస్తారు, అయితే రోజూ కాదు, ముందు కనుక్కుని వెళ్లండి. తొమ్మిది నెలలు నిండని పిల్లలకు వేయరు. గర్భిణులు, అరవై దాటినవాళ్లు డాక్టరును అడిగి తీరాలి.

మలేరియా గురించి పాడేరు వైపు తిరిగినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. నైరోబీ ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ బెడద తక్కువ. మొంబాసా తీరంలోనూ, విక్టోరియా సరస్సు దగ్గర కిసుము వైపూ ఎక్కువ. పని మీద అటు వెళ్లాల్సి వస్తే దోమతెర సంచిలో ఉండాల్సిందే.

ఇల్లు ఎలా వెతుక్కోవాలి? ఏం చూసుకోవాలి?

ఫొటోలు చూసి ఇక్కడినుంచే అడ్వాన్స్ పంపొద్దు. మొదటి కొన్ని వారాలు ఎవరింట్లోనైనా, గెస్ట్ హౌస్‌లోనైనా ఉండి, కాళ్లరిగేలా తిరిగి చూడండి. ఇల్లు చూసేటప్పుడు మనవాళ్లు తూర్పు గుమ్మం ఉందా, బెడ్‌రూములు ఎన్ని అని చూస్తారు (క్రైస్తవులమైనా వాస్తు మనల్ని పూర్తిగా వదల్లేదు, ఒప్పుకుందాం). నైరోబీలో ముందు అడగాల్సింది నీళ్ల గురించి. మున్సిపల్ నీళ్లు వారంలో ఎన్ని రోజులు వస్తాయి, ట్యాంకు ఎంత, బోరు ఉందా? అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, తాగడానికి వాడొద్దు. చిన్నపిల్లలున్న ఇంట్లో అయితే మరీ జాగ్రత్త.

కరెంటు మనలా నెలాఖరు బిల్లు కాదు. చాలా ఇళ్లకు ముందే డబ్బు కట్టే మీటర్లు ఉంటాయి. ఫోన్‌లో డబ్బు కడితే ఇరవై అంకెల టోకెన్ వస్తుంది, దాన్ని మీటరులో కొట్టాలి. రాత్రి వంట మధ్యలో యూనిట్లు అయిపోతే కొవ్వొత్తి వెలుగులో ఆ ఇరవై అంకెలు కొట్టడం ఒక అనుభవం. పిల్లలకు మాత్రం భలే సరదా. డబ్బు కట్టేది ఎం-పెసాలో. 2007లో మొదలైన ఈ ఫోన్ డబ్బు లేకుండా అక్కడ టమాటాలు కూడా కొనలేం. దానికి సిమ్ కావాలి, సిమ్‌కు పాస్‌పోర్టు కావాలి. అందుకే దిగిన మొదటిరోజు చేయాల్సిన పని సిమ్ కొనడం.

ఇల్లు తీసుకున్నాక గృహప్రవేశ ప్రార్థన పెట్టుకోండి. దానికి సంఘస్తులనే కాదు, గేటు దగ్గర వాచ్‌మన్‌ను, పక్కింటివాళ్లను, కూరగాయలమ్మే అమ్మను కూడా పిలవండి. టీ, సమోసా చాలు. మేము అక్కడ పెట్టిన కూడికలన్నిటిలోకీ పదికాలాలు పనికొచ్చింది ఆ సాయంత్రమే. ఆ తర్వాత దొంగల భయం ఉన్న రోజుల్లో మా గేటును చూసింది ఆ వచ్చినవాళ్లే.

సామాను ఏం తీసుకెళ్లాలి, ఏం వదిలేయాలి?

మిక్సీ తీసుకెళ్లండి, మన వోల్టేజీకి పనిచేస్తుంది. ప్లగ్గు మాత్రం మూడు చదరపు కాళ్లది, అడాప్టర్లు కావాలి. ప్రెషర్ కుక్కర్‌తో పాటు రెండు గాస్కెట్లు, ఒక వెయిటు అదనంగా పెట్టుకోండి. స్వెట్టర్లు కూడా. ఆఫ్రికా అంటే ఎండ అనుకుంటారు, నైరోబీలో జూన్ నుంచి ఆగస్టు దాకా లంబసింగి చలి గుర్తొస్తుంది. పిల్లల తెలుగు పుస్తకాలు, బైబిలు, పాటల పుస్తకం ఎలాగూ మరవరు.

ఒక్క హెచ్చరిక. పచ్చళ్లను పాలిథిన్ కవర్లో చుట్టి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, పైన రబ్బరు బ్యాండ్లు వేసే అలవాటు మనది. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం, విమానాశ్రయంలో తీయించేస్తారు. ఆవకాయను గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి, మూత చుట్టూ టేపు వేసి, పాత టవలులో చుట్టి చెక్-ఇన్ సామానులో పెట్టండి. చేతి సంచిలో నూనె పచ్చడి వద్దు, సెక్యూరిటీ దగ్గరే పోతుంది.

సోఫాలు, దివాన్లు, పెళ్లినాటి ఇత్తడి బిందెలు వదిలేయండి.

తిండి సంగతి? మన కూరలు దొరుకుతాయా?

అందరూ ఇది అడగడానికి సిగ్గుపడతారు, అందరికీ కావాల్సిందీ ఇదే. నైరోబీలో పార్క్‌లాండ్స్, ఎన్గారా వైపు గుజరాతీ, పంజాబీ దుకాణాల్లో కందిపప్పు, మినప్పప్పు, చింతపండు, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. భారత సంతతివారిని 2017లో కెన్యా ప్రభుత్వం తమ దేశపు 44వ తెగగా గుర్తించింది, అంత పాత సంబంధం. రోజూ అక్కడే కొంటే మాత్రం జేబు ఖాళీ.

వీధి మార్కెట్లో తిరిగితే మన ఉత్తరాంధ్రవాళ్లకు బెంగ సగం తీరుతుంది. టెరెరె అని కట్టలుగా అమ్మేది మన తోటకూరే. కుండే అంటే బొబ్బర్ల ఆకు, పప్పులో బాగుంటుంది. సుకుమా వికి అనే ఆకుకూర కాస్త మొండిది, సన్నగా తరిగి కొబ్బరి వేసి వేయిస్తే పిల్లలు తింటారు. ఒమెనా అని ఎండబెట్టిన చిన్న చేపలు ఉంటాయి, నెత్తళ్లు వండినట్టే చింతపండు పులుసు పెట్టండి. వంజరం మాత్రం మరిచిపోండి. నైరోబీ మార్కెట్లో ఎక్కువగా దొరికేది సరస్సు తిలాపియా, సముద్రం చేప రుచి దానికి రాదు. ఇక వింబి పిండి కొని జావ కాచండి. వింబి అంటే చోళ్లు. అసలు చోళ్లు పుట్టిందే తూర్పు ఆఫ్రికా కొండల్లో, అక్కడినుంచే మన దేశానికి వచ్చాయి. మా అత్తగారు చూడ్డానికి వచ్చినప్పుడు, పక్కింటావిడ మగ్గులో ఉజి (ఆ పిండి జావ) పోసి ఇస్తే ఒక గుక్క తాగి "ఇది మన అంబలే కదమ్మా" అన్నారు. ఆ తర్వాత ఇద్దరికీ ఉమ్మడి భాష ఒక్క ముక్క లేకపోయినా రోజూ పొద్దున్నే గోడ దగ్గర కబుర్లు.

వంటలో తేడా వచ్చేది ఎత్తు వల్ల. నైరోబీ సముద్రమట్టానికి దాదాపు 1,795 మీటర్ల పైన ఉంది, నీళ్లు 94 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. గిన్నెలో కందిపప్పు పెడితే గంటసేపైనా పలుకుగానే ఉంటుంది. కుక్కర్లో కూడా ఇక్కడికన్నా ఒకటి రెండు కూతలు ఎక్కువ రానివ్వాలి. చలికాలంలో దోశ పిండి రాత్రంతా ఉంచినా పొంగదు. గిన్నెను దుప్పటి చుట్టి, ఓవెన్‌ను వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి అందులో పెట్టండి, పొద్దుటికి పొంగుతుంది.

వాళ్లు పెట్టింది తినండి. ఉగాలి మొక్కజొన్న పిండి సంకటి, చేత్తో ముద్ద చేసి తినేదే, మనకు కొత్తేమీ కాదు. టీ కూడా పాలు, ఆకు కలిపి మరిగించేదే.

భాష ఎంత నేర్చుకోవాలి? ఇంగ్లీషు చాలదా?

నగరంలో ప్రసంగానికి ఇంగ్లీషు చాలు. చావు ఇంటికి వెళ్లినప్పుడు చాలదు. స్వాహిలీ తెలుగువాళ్ల నాలుకకు పడుతుంది, మన మాటల్లాగే దాని మాటలూ అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తారు కాబట్టి లిపి బాధ లేదు. రోజుకు గంట చొప్పున టీచరును పెట్టుకోండి, ఆ డబ్బు సంఘం బడ్జెట్‌లో రాయించండి. భర్తకే కాదు, భార్యకూ.

సమయం చెప్పే పద్ధతి దగ్గర జాగ్రత్త. స్వాహిలీలో గంటలు పొద్దున్న ఆరు నుంచి లెక్కపెడతారు. వాళ్ల ఒంటిగంట మన ఏడు గంటలు. "మూడింటికి కూడిక" అంటే పొద్దున్న తొమ్మిదింటికి. మన పాత జాముల లెక్క తెలిసిన పెద్దవాళ్లకు ఇది త్వరగా పట్టుబడుతుంది. ఇంగ్లీషులో చెబితే మాత్రం మామూలు గడియారమే. కాబట్టి ఏ భాషలో చెప్పారో గుర్తుంచుకోవాలి.

మా ఆయనకు పరిచర్య ఉంది. నాకేం ఉంటుంది అక్కడ?

ఈ ప్రశ్న హాల్లో ఎవరూ అడగరు. గాజువాకలో స్కూల్లో పదిహేనేళ్లు పాఠం చెప్పిన ఆవిడ డిపెండెంట్ పాస్ మీద వెళితే, అక్కడ జీతానికి పనిచేయడానికి చట్టం ఒప్పుకోదు. ఆయన పొద్దున వెళ్లి రాత్రి వస్తారు. పిల్లలు బడికి. మాట్లాడే మనిషి ఉండరు. ఇక్కడైతే పూర్ణా మార్కెట్‌కు వెళ్లొచ్చేసరికి పదిమంది "వందనాలమ్మగారూ" అంటారు. అక్కడ మీరెవరో ఎవరికీ తెలియదు. మూడో నెల, నాలుగో నెల చాలా కష్టం. ఏడుపొస్తే అది అవిశ్వాసం కాదు, ప్రార్థనలో తక్కువ చేశామనీ కాదు.

నేను చెప్పేవి రెండు. సొంతానికి జీతం లేని ఒక పని పెట్టుకోండి, అది భర్త పరిచర్యకు తోక కాకూడదు. నాకు తెలిసిన ఒకావిడ పక్క అపార్ట్‌మెంట్ పిల్లలకు లెక్కలు చెప్పేది, ఇంకొకావిడ కుట్టు నేర్పేది. అది కూడా పర్మిట్ నిబంధనలకు తేడా రాదని సంస్థను అడిగి మొదలుపెట్టండి. రెండోది, వారంలో ఒకరోజు భార్యకు పూర్తిగా వదిలేయాలి, ఆ రోజు ఆయన వంట చేసి పిల్లల్ని చూసుకోవాలి. అయ్యగార్లు నవ్వుతారు. నవ్వనివ్వండి, కానీ ఆ రోజు పేరు క్యాలెండర్‌లో రాయించండి. బాధ రెండు మూడు నెలలు దాటి, నిద్ర, ఆకలి పోయే దాకా వస్తే డాక్టరుకు చూపించాలి. ఉపవాస ప్రార్థన ఒక్కటే పెట్టి ఊరుకోవద్దు.

పిల్లల చదువు?

కెన్యాలో బడి జనవరిలో మొదలవుతుంది, ఏడాదికి మూడు టర్ములు. బ్రిటిష్ సిలబస్ స్కూళ్లు సెప్టెంబరులో. మనది జూన్. కాబట్టి ఏదో ఒక చోట కొన్ని నెలలు అటూ ఇటూ అవుతాయి, దాన్ని పెద్ద నష్టంగా చూడొద్దు. పదో తరగతి, ఇంటర్ మధ్యలో ఉన్న పిల్లల్ని మాత్రం కదల్చొద్దు. పరీక్షలయ్యే దాకా ఆగండి. సంఘం తొందరపెట్టినా సరే.

తెలుగు చదవడం, రాయడం ఇంట్లోనే నేర్పాలి. నైరోబీ మనకన్నా రెండున్నర గంటలు వెనక. వాళ్లు బడి నుంచి వచ్చేసరికి ఇక్కడ రాత్రి భోజనాల వేళవుతుంది. అమ్మమ్మ, తాతయ్యలకు వీడియో కాల్‌లో వారం వారం ఒక పేజీ చదివి వినిపించమనండి. తాతయ్య తప్పులు దిద్దుతారు, ఆయనకూ పొద్దుపోతుంది.

డబ్బు, బ్యాంకు విషయాల్లో ఏం చూసుకోవాలి?

ఉద్యోగానికో, ఎన్నాళ్లో తెలియని పనికో దేశం విడిచి వెళితే ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడ వాడే ఖాతాగా, మార్పించాలి. చాలామంది పాత ఖాతానే వాడుతూ పోతారు, అది ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనలకు విరుద్ధం. ఇక్కడి బంధువులు మీకు పంపాలంటే ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా అనుమతి ఉంది. మనకు ఆ హద్దుతో పని పడదులెండి.

అసలు చిక్కు తిరుగు దారిలో వస్తుంది. భారత పౌరసత్వం ఉన్న మీరు మీ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇక్కడి సంఘానికి కానుక పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అక్కడి కెన్యా విశ్వాసులు ప్రేమతో పోగుచేసిన డబ్బును మీ ఖాతాలో వేసుకుని పంపితే మాత్రం అది విదేశీ విరాళమే. దానికి ఇక్కడి సంస్థకు విదేశీ విరాళాల చట్టం కింద ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. "అందరూ అలాగే పంపుతున్నారు" అన్న మాట మీద నడిస్తే చివరకు లెక్కలు చెప్పాల్సింది ఇక్కడి సంఘం పెద్దలు.

అమ్మానాన్నలను, ఇక్కడి ఇంటిని ఎవరు చూస్తారు?

"దేవుడు చూస్తాడు" అని నేనూ నమ్ముతాను, పక్కింటి అబ్బాయి ఫోన్ నంబరు కూడా రాసుకుంటాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి ఫోన్లు పనిచేయలేదు. విదేశాల్లో ఉన్న పిల్లలు అల్లాడిపోయారు. అప్పటినుంచి నేను అందరికీ చెప్పేది: మీ తల్లిదండ్రుల వీధిలో ఒకరు, ఆ వీధికి దూరంగా ఇంకొకరు, నడిచైనా వెళ్లి చూసిరాగల ఇద్దరు మనుషులను ముందే మాట్లాడి పెట్టుకోండి. మందుల చీటీలు, ఆరోగ్య బీమా కార్డు, ఆధార్ కాపీలు ఆ ఇద్దరి దగ్గర ఉండాలి.

ఆస్తి విషయాలకు పవర్ ఆఫ్ అటార్నీ ఉంటే వెళ్లేముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. అక్కడినుంచి చేయాలంటే హైకమిషన్‌లో సంతకం చేసి పంపాలి, అది వచ్చిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. నానా తిప్పలు.

సముద్రం దగ్గర ఇల్లయితే తాళం వేసి వెళ్లిపోవద్దు. ఉప్పుగాలికి ఫ్యాన్లు, ఇనుప బీరువా, కిటికీ ఊచలు ఏడాదిలో తుప్పు పట్టేస్తాయి. అద్దె తక్కువైనా మనుషులకే ఇవ్వండి.

నెలనెలా సంఘానికి ఫొటోలు పంపాలట. ఏం పంపాలి?

అక్కడి పేద పిల్లల ముక్కు కారే ఫొటోలు పంపొద్దు. మన మురికివాడల్లో ఎవరో దిగి మన పిల్లల్ని అలా తీసి పంపితే మనకెలా ఉంటుందో అదే వాళ్లకూ. కానుకలు తగ్గినా ఫర్వాలేదు. మీ ఇల్లు, మీ వీధి, మార్కెట్టు, భాష టీచరు అనుమతిస్తే ఆమె ఫొటో చాలు. నేపాల్, గల్ఫ్ లాంటి చోట్ల అయితే విశ్వాసుల మొహాలు, పేర్లు, కూడిక జరిగే ఇల్లు వాట్సాప్ గ్రూపుల్లో అస్సలు పెట్టకూడదు. ప్రార్థన గ్రూపులో పెట్టింది సాయంత్రానికి ఫేస్‌బుక్‌లో కనిపిస్తుంది.

మధ్యలో తిరిగి రావాల్సి వస్తే?

వస్తారు. ఆరోగ్యమో, పర్మిటో, తల్లిదండ్రులో, ఏదో ఒకటి. తిరిగి వచ్చే టికెట్ డబ్బు ఎవరు పెడతారో వెళ్లేముందే కమిటీతో తేల్చుకోండి. వచ్చాక ఎల్లో ఫీవర్ కార్డు పాస్‌పోర్టులోనే ఉంచండి. ఎన్ఆర్ఓ ఖాతాను మళ్లీ మామూలు ఖాతాగా మార్పించండి. అక్కడి అద్దె అడ్వాన్స్ తిరిగి ఇవ్వాలంటే ఇంటి ఓనర్లు గోడలకు రంగు వేయించమంటారు, దానికి ఒక నెల ముందే మొదలుపెట్టండి. పిల్లల టీసీ, మార్కుల కాగితాలు ఒరిజినల్స్ స్కూలు నుంచి తీసుకున్నాకే విమానం టికెట్ బుక్ చేయండి, తర్వాత తెప్పించుకోవడం చాలా కష్టం. మొదటి ఆదివారమే పల్పిట్ ఎక్కి సాక్ష్యం చెప్పమని పిలుస్తారు. ఒక నెల ఆగమని చెప్పే హక్కు మీకుంది.